ఏ పన్ను ఎవరికి, ఎందుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

కింది ఆదాయ పన్ను లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరంలో సంపాదించిన ఆదాయానికి వర్తిస్తాయి. జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చినవి. రేట్లు బడ్జెట్‌కొకసారి మారొచ్చు. లెక్క కట్టే పద్ధతి అంత తొందరగా మారదు కాబట్టి దాని మీదే ఎక్కువ చెప్పాం.

నాకు ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. అంటే నేను పన్ను కట్టనట్టేనా?

కడుతున్నారు. పొద్దున పళ్లు తోముకునే పేస్టుతోనే పన్ను మొదలవుతుంది. 105 రూపాయల పేస్టులో 5 రూపాయలు జీఎస్టీ. ఫోనుకి 299 రూపాయల రీచార్జి చేయిస్తే కంపెనీకి దక్కేది దాదాపు 253 రూపాయల 40 పైసలే. మిగతా 45 రూపాయల 60 పైసలు 18 శాతం జీఎస్టీ కింద పోతాయి. పెట్రోలు పోయించుకున్నా, మద్యం సీసా కొన్నా, ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్నా అంతే.

ధరలో కలిసిపోయిన పన్ను ఎంతో తెలుసుకోవడం తేలిక. 18 శాతం వస్తువైతే మీరిచ్చిన మొత్తాన్ని 18తో గుణించి 118తో భాగించాలి. 5 శాతానిదైతే 5తో గుణించి 105తో భాగించాలి. చాలామంది నేరుగా 299లో 18 శాతం తీసి 53 రూపాయల 82 పైసలు అనుకుంటారు. అది తప్పు లెక్క. ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే ఆ దుకాణదారు చట్టం మీరినట్టే.

ఇలా వస్తువు ధరలో కలిసి వచ్చేవి పరోక్ష పన్నులు. దుకాణదారు వసూలు చేసి ప్రభుత్వానికి జమచేస్తాడు, భారం మాత్రం కొన్నవాళ్లది. ఆదాయ పన్ను, ఇంటి పన్ను లాంటివి ఎవరి మీద వేస్తే వాళ్లే కట్టాలి. అవి ప్రత్యక్ష పన్నులు. సబ్బు బిళ్ల కొన్నప్పుడు రోజు కూలీ కట్టే పన్నూ కోటీశ్వరుడు కట్టే పన్నూ ఒకటే. 'ట్యాక్స్ పేయర్ల సొమ్ము' అని టీవీ చర్చల్లో అరిచేవాళ్లు సౌకర్యంగా మర్చిపోయే సంగతి ఇదే.

అసలు పన్నులెందుకు? ప్రభుత్వం నోట్లు అచ్చేసుకోవచ్చుగా?

సరుకు పెరగకుండా నోట్లు మాత్రమే పెరిగితే ధరలు పెరుగుతాయి. అప్పుడు మీ జేబులో ఉన్న వంద నోటు విలువ పడిపోతుంది. అదీ ఒక రకం పన్నే. కాకపోతే దానికి చట్టసభ ఆమోదం ఉండదు, రసీదూ ఉండదు.

రాజ్యాంగంలోని 265వ అధికరణం ఒక్క మాటలో తేల్చేసింది: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. శిస్తు, కప్పం రోజులకీ ఇప్పటికీ ఉన్న తేడా ఇదే. పంచాయతీ బిల్ కలెక్టర్ అడిగినా, ఇన్‌కమ్ ట్యాక్స్ అధికారి అడిగినా, 'ఏ చట్టం కింద?' అని అడిగే హక్కు మీకుంది.

ఖర్చుల కోసమే కాక, అలవాట్లను మళ్లించడానికి కూడా పన్నులు వేస్తారు. హానికరమనీ విలాసమనీ తీసిపెట్టిన కొన్ని సరుకుల మీద జీఎస్టీ 40 శాతం ఉండటానికీ, స్కూలు పిల్లల నోటుపుస్తకాల మీద అసలు లేకపోవడానికీ కారణం అదే.

కేంద్రం చేతికొచ్చిన రూపాయి ఎటు పోతుంది?

2025-26 కేంద్ర బడ్జెట్ పత్రాలు చూపిన లెక్క ఇది. వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు. ఆదాయ పన్ను 22 పైసలు, జీఎస్టీ 18, కంపెనీల పన్ను 17, పన్నులు కాని రాబడి 9, ఎక్సైజ్ (ఉత్పత్తి సుంకం) 5, కస్టమ్స్ (దిగుమతి సుంకం) 4, మిగతా ఒక పైసా అప్పు కాని మూలధన రాబడి, అంటే ప్రభుత్వ వాటాల అమ్మకం లాంటివి.

పోయే రూపాయిలో 22 పైసలు పన్నుల వాటాగా రాష్ట్రాలకు వెళ్తాయి. పాత అప్పుల వడ్డీకే 20 పైసలు. కేంద్ర పథకాలకు 16, కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే పథకాలకు 8, రక్షణకు 8, ఆర్థిక సంఘం (కేంద్రం, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకాన్ని సూచించే సంస్థ) గ్రాంట్లు తదితరాలకు 8, సబ్సిడీలకు 6, పెన్షన్లకు 4, ఇతర ఖర్చులకు 8. ఆదాయ పన్ను రూపంలో వచ్చినదానికి దాదాపు సమానమైన మొత్తం వడ్డీలకే సరిపోతోందన్నమాట. బియ్యం, ఎరువుల సబ్సిడీలే ఖజానాను తినేస్తున్నాయనుకునేవాళ్లు ఆ 20నీ ఈ 6నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఏ పన్ను ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?

ఇది తెలిస్తే ఏ పని కోసం ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. ఆదాయ పన్ను, కంపెనీల పన్ను, కస్టమ్స్, పెట్రోలు మీద ఎక్సైజ్ కేంద్రానివి. మద్యం మీద ఎక్సైజ్, పెట్రోలు, డీజిల్ మీద వ్యాట్ (అమ్మకపు పన్ను), స్టాంపు డ్యూటీ, బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్, వృత్తి పన్ను రాష్ట్రానివి. ఇంటి పన్ను, ఖాళీ జాగా పన్ను పంచాయతీకో మున్సిపాలిటీకో చేరతాయి.

జీఎస్టీ ఇద్దరిదీ. విజయవాడలో కొన్న సరుకు అక్కడే అమ్ముడైతే, బిల్లు మీద సీజీఎస్టీ సగం, ఎస్జీఎస్టీ సగం కనిపిస్తాయి. మొదటిది కేంద్రానికి, రెండోది ఆంధ్రప్రదేశ్‌కి. హైదరాబాద్ వ్యాపారి విజయవాడకు పంపితే బిల్లు మీద ఐజీఎస్టీ ఒక్కటే ఉంటుంది. అందులోని రాష్ట్ర వాటా సరుకు వాడిన ఆంధ్రప్రదేశ్‌కే చేరుతుంది, తయారైన చోటికి కాదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఫ్యాక్టరీలు ఎక్కువున్న రాష్ట్రాలు గొడవ పెట్టింది దీని మీదే.

కేంద్రం పన్నుల్లో తెలుగు రాష్ట్రాలకు ఎంత వస్తుంది?

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి చేసిన సిఫారసు ప్రకారం, ఆ అయిదేళ్లలో పంచుకోదగిన కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు దక్కింది. ఆ 41లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. గుణించి చూస్తే, పంచుకోదగిన ప్రతి వంద రూపాయల్లో ఆంధ్రప్రదేశ్‌కి రూపాయి 66 పైసలు, తెలంగాణకి 86 పైసలు.

ఈ వాటాను తేల్చేటప్పుడు తలసరి ఆదాయంలో వెనకబాటుకి 45 శాతం, జనాభాకి 15, విస్తీర్ణానికి 15, జనాభా అదుపుకి 12.5, అడవులకి 10, పన్ను వసూళ్ల ప్రయత్నానికి 2.5 శాతం చొప్పున బరువు ఇచ్చారు. హైదరాబాద్ వల్ల తలసరి ఆదాయం ఎక్కువగా కనిపించే తెలంగాణకు మొదటి కొలమానం దగ్గరే కోత పడింది.

'పంచుకోదగిన' అన్న మాట దగ్గర ఆగాలి. సెస్‌లు, సర్‌చార్జీలు (ఇవేమిటో తర్వాతి ప్రశ్నలో చెప్పాం) ఈ పంపకంలోకి రావు. అవి పూర్తిగా కేంద్రానివే. కాబట్టి ఎక్సైజ్ తగ్గించి అంతే మేర సెస్ పెంచితే మీరు కట్టేది మారదు, రాష్ట్రానికొచ్చేది మాత్రం తగ్గుతుంది. రాష్ట్రాలు మొత్తుకునేది ఇందుకే, ఆ మొత్తుకోవడంలో న్యాయం ఉంది.

పన్ను, సెస్, సర్‌చార్జి, ఫీజు: తేడా ఏమిటి?

పన్నుకి బదులుగా మీకు ఫలానా సేవ చేయాలన్న నిబంధన లేదు. అది ఖజానాలో కలిసిపోతుంది. సెస్ ఒక పని పేరు చెప్పి వసూలు చేసేది. ఆదాయ పన్ను మీద పడే 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్ అలాంటిది. సర్‌చార్జి పన్ను మీద పన్ను. ఆదాయం 50 లక్షలు దాటితే 10 శాతంతో మొదలవుతుంది. ఫీజు ఒక సేవ వాడుకున్నందుకు కట్టేది. టోల్ గేటు దగ్గర ఇచ్చేది జనం నోట టోల్ ట్యాక్స్ అయింది గానీ, అది ఫీజు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 'చెత్త పన్ను' అని పేరుపడి తర్వాత ఎత్తేసినది కూడా కాగితాల మీద యూజర్ చార్జీయే.

ఇంక్రిమెంట్ వస్తే పై శ్లాబులో పడి, చేతికొచ్చే జీతం తగ్గుతుందా?

తగ్గదు. ఇంత చదువుకున్నవాళ్లలోనూ ఇంకా పోని భ్రమ ఇది. శ్లాబు అంటే ఒకే రేటు పడే ఆదాయపు మెట్టు. పై శ్లాబు రేటు ఆ గీత దాటిన రూపాయలకే పడుతుంది, కిందివాటికి కాదు.

ఆదాయ పన్ను లెక్కకి రెండు పద్ధతులున్నాయి: మినహాయింపులు ఎక్కువున్న పాతది, మినహాయింపులు తక్కువగా ఉండి రేట్లు తగ్గిన కొత్తది. కొత్త పద్ధతిలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య భాగానికి 5 శాతం, 8 నుంచి 12కి 10, 12 నుంచి 16కి 15, 16 నుంచి 20కి 20, 20 నుంచి 24కి 25, ఆ పైన 30 శాతం.

ఏడాదికి 15 లక్షల జీతగాడిని తీసుకుందాం. జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ అనే మినహాయింపు 75,000 తీసేస్తే పన్ను పడే ఆదాయం 14,25,000. రెండో 4 లక్షల మీద 20,000. మూడో 4 లక్షల మీద 40,000. మిగిలిన 2,25,000 మీద 15 శాతం చొప్పున 33,750. మొత్తం 93,750. దాని మీద 4 శాతం సెస్ 3,750. కట్టాల్సింది 97,500. అంటే 15 శాతం శ్లాబులో ఉన్న మనిషి నిజంగా కట్టేది తన జీతంలో ఆరున్నర శాతం.

12 లక్షల దాకా పన్ను లేదన్నారు. నాకెందుకు పడింది?

12 లక్షల దాకా రేటు సున్నా కాదు. పన్ను లెక్క కట్టి, ఆ 60,000ని సెక్షన్ 87ఏ కింద రిబేటుగా తీసేస్తారు. ఈ సంగతి తెలియక మూడు చోట్ల దెబ్బతింటారు.

ఒకటి, షేర్లు అమ్మిన లాభం. షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద ఏడాది లోపు లాభానికి 20 శాతం, ఏడాది దాటిన లాభం 1,25,000 మించితే ఆ మించినదాని మీద 12.5 శాతం విడిగా పడతాయి. కొత్త పద్ధతిలో ఈ పన్నుకి రిబేటు వర్తించదు. రెండు, రిబేటు మన దేశంలో రెసిడెంట్ అయినవాళ్లకే. ఎన్నారైలకు లేదు. మూడు, 12 లక్షలు కాస్త దాటిన ఆదాయం. 12,10,000 ఉంటే మామూలు లెక్కలో 61,500 పడాలి. పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలు కట్టడం అన్యాయం కాబట్టి, మార్జినల్ రిలీఫ్ కింద పన్నును ఆ దాటిన 10,000కే పరిమితం చేస్తారు. సెస్‌తో కలిపి 10,400. ఏదైనా యాప్ మీకు 60 వేల పైన చూపిస్తే ఈ రిలీఫ్ లెక్కలోకి వచ్చిందో లేదో ముందు చూడండి.

ఉద్యోగులకు స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కాబట్టి, వేరే ఆదాయం లేకపోతే జీతం 12,75,000 దాకా పన్ను పడదు.

పాత పద్ధతి మంచిదా, కొత్తదా?

ఎక్కువమందికి కొత్తదే. పై ఉదాహరణలోని 15 లక్షల జీతానికి పాత పద్ధతిలోనూ అంతే పన్ను రావాలంటే, 50,000 స్టాండర్డ్ డిడక్షన్ కాక మరో 5,43,750 మినహాయింపులు చూపాలి. పీఎఫ్, ఎల్ఐసీ లాంటివి సెక్షన్ 80సీ కింద లక్షన్నర, సొంతింటి అప్పు వడ్డీ 2 లక్షలు, ఆరోగ్య బీమా 25,000 కలిపినా 3,75,000 దగ్గరే ఆగుతారు. మిగతాది అద్దె భత్యం మినహాయింపుతో పూడితే తప్ప పాతదాని జోలికి పోనక్కర్లేదు. పన్ను ఆదా కోసమని మార్చిలో హడావుడిగా అక్కర్లేని పాలసీ కట్టే అలవాటు ఇప్పటికైనా మానొచ్చు.

పాతదే కావాలంటే గడువులోగా రిటర్ను (ఏడాది ఆదాయం, పన్ను లెక్క చూపే పత్రం) వేయాలి. గడువు దాటితే కొత్త పద్ధతిలోనే లెక్క కడతారు. జీతగాళ్లు ఏటా మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి. వాళ్లకు అటూ ఇటూ మారే వెసులుబాటు తక్కువ.

బ్యాంకు టీడీఎస్ కోసేసింది. ఇక నా పన్ను అయిపోయినట్టేనా?

టీడీఎస్ అంటే ఆదాయం మీ చేతికి రాకముందే కోసే పన్ను. అది అడ్వాన్సు మాత్రమే. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ ఒక బ్యాంకులో ఏడాదికి 50,000 దాటితే 10 శాతం కోస్తారు. 60 ఏళ్లు నిండినవాళ్లకు ఆ పరిమితి లక్ష. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే మిగతా 20 శాతం మీరే కట్టాలి. మీకు అసలు పన్నే పడకపోతే కోసినది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. రిటర్ను వేయకుండా రిఫండ్ దానంతటది రాదు.

కోత పడకుండా ఉండాలంటే ఏడాది మొదట్లోనే బ్యాంకులో, నాకు పన్ను పడదు అని ప్రకటించే ఫారం (2025-26 దాకా 15జీ, 60 నిండినవాళ్లయితే 15హెచ్) ఇవ్వాలి. మూడు శాఖల్లో డిపాజిట్లున్నా ఒకచోట ఇస్తే చాలనుకుని ఊరుకోవద్దు. అన్ని డిపాజిట్లకూ అది నమోదైందో లేదో కనుక్కోండి. పన్ను పడే ఆదాయం ఉండి కూడా ఈ ఫారం మీద సంతకం పెడితే తప్పుడు ప్రకటన కింద లెక్క.

రిటర్ను ఎవరు వేయాలి? ఎలా?

కట్టాల్సిన పన్ను సున్నా అయినా, కొత్త పద్ధతిలో ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. రిబేటు రావడం వేరు, రిటర్ను అక్కర్లేకపోవడం వేరు. జీతం, ఇల్లు, వడ్డీ మాత్రమే ఉండి మొత్తం 50 లక్షల లోపైతే ఐటీఆర్-1 సరిపోతుంది. దానికి గడువు జూలై 31.

ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో పాన్‌తో లాగిన్ అయి రెండు కాగితాలు దించుకోండి: 26ఏఎస్, ఏఐఎస్. మొదటిదాంట్లో మీ పేర కోసిన టీడీఎస్ ఉంటుంది. రెండోదాంట్లో వడ్డీ, డివిడెండ్, షేర్ల అమ్మకం, పెద్ద కొనుగోళ్లు అన్నీ ఉంటాయి. ఆఫీసు ఇచ్చిన ఫారం 16ని (జీతం, కోసిన పన్ను చూపే కాగితం) వీటి పక్కన పెట్టి అంకె అంకె సరిచూడండి. ఎక్కువ నోటీసులకు మూలం ఇక్కడే: సేవింగ్స్ ఖాతాలో పడ్డ వడ్డీ రాయడం మర్చిపోవడం, ఏడాది మధ్యలో ఉద్యోగం మారి రెండో ఫారం 16 కలపకపోవడం. రెండు ఆఫీసులూ స్టాండర్డ్ డిడక్షన్, కింది శ్లాబుల లాభం విడివిడిగా ఇచ్చేస్తాయి. చివర్లో కలిపితే బాకీ తేలుతుంది.

పన్ను బాకీ ఉంటే ముందు ఈ-పే ట్యాక్స్‌లో కట్టి, ఆ చలానా వివరాలు చేర్చి, అప్పుడు సమర్పించండి. తర్వాత 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. అది చేయని రిటర్ను వేయనట్టే లెక్క. రిఫండ్ కోసం బ్యాంకు ఖాతాను పోర్టల్లో ముందే వాలిడేట్ చేసుకోవాలి. పాన్‌లో ఒకలా, ఖాతాలో ఇంకోలా పేరుంటే అక్కడే ఆగిపోతుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మనవాళ్లకు మామూలే కాబట్టి ఇది ఎక్కువగా తగులుతుంది.

గడువు దాటితే ఆలస్య రుసుము 5,000. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. బాకీ ఉంటే దాని మీద నెలకు 1 శాతం వడ్డీ అదనం.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో కొత్త ఆదాయ పన్ను చట్టం, 2025 వచ్చింది. 'గత సంవత్సరం', 'అసెస్‌మెంట్ సంవత్సరం' పోయి 'పన్ను సంవత్సరం' ఒక్కటే మిగిలింది. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా. చేపల చెరువుకి కూడా లేదా?

వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది. అందుకే కేంద్ర ఆదాయ పన్ను దాన్ని ముట్టుకోదు. వరి, మిర్చి, మామిడి అమ్మిన సొమ్ము, పొలం కౌలుకిచ్చి తీసుకున్న మక్తా, అన్నీ ఇందులోకి వస్తాయి. కడియం నర్సరీల్లో పెంచి అమ్మే మొక్కల ఆదాయాన్ని కూడా చట్టం స్పష్టంగా వ్యవసాయంగానే గుర్తించింది.

చేపలు, రొయ్యల చెరువులు, కోళ్ల ఫారాలు, పాడి మాత్రం దీని కిందికి రావు. చెరువు పొలంలోనే తవ్వినా, కరెంటు, సబ్సిడీ విషయాల్లో ప్రభుత్వం రైతుగానే చూసినా, ఆదాయ పన్ను దగ్గర అది వ్యాపారం. భీమవరం, కైకలూరు వైపు చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

జీతంతో పాటు పొలం ఆదాయం 5,000 దాటితే దాన్ని రిటర్నులో చూపాలి, ఐటీఆర్-1 పనికిరాదు. మామూలు ఆదాయం మినహాయింపు పరిమితి దాటితే, రేటు తేల్చడానికి పొలం ఆదాయాన్ని కూడా కలిపి లెక్కిస్తారు. పొలం అమ్మినప్పుడు పట్టణానికి దూరం చూస్తారు. జనాభా పది వేల నుంచి లక్ష దాకా ఉన్న మున్సిపాలిటీకి 2 కిలోమీటర్లు, పది లక్షల దాకా ఉంటే 6, ఆపైన 8 కిలోమీటర్ల లోపలుంటే లాభం మీద పన్ను పడుతుంది.

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకైంది?

జీఎస్టీ వల్ల. విడిగా తూచి అమ్మే బియ్యానికి పన్ను లేదు. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా ఉన్న సంచికి 5 శాతం పడుతోంది. మిల్లర్లు మరో కిలో పోసి 26 కిలోల బస్తా కుట్టారు, పన్ను తప్పింది. 1,500 రూపాయల బస్తా మీద 75 రూపాయల తేడా. ఇది ఎగవేత కాదు, చట్టం గీసిన గీతకు అవతల నిలబడటం. కాకపోతే 5, 10 కిలోల సంచి కొనుక్కునే బీద ఇంటికి పన్ను పడుతుంది, పెద్ద బస్తా కొనగలిగినవాళ్లకు తప్పుతుంది.

హోటల్ బిల్లు మీద జీఎస్టీ నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది?

బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. తర్వాతి పది ఆ యజమాని పాన్. జీఎస్టీ పోర్టల్లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' దగ్గర కొడితే పేరు, నంబరు బతికుందా రద్దయిందా, చిన్న వ్యాపారుల 'కంపోజిషన్' పథకం కిందదా అన్నది కనిపిస్తుంది. కంపోజిషన్ అని ఉంటే ఆ హోటల్ మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. టర్నోవరు (మొత్తం అమ్మకం) మీద 5 శాతం తన జేబులోంచే కట్టాలి. మామూలు రెస్టారెంట్లో పడేది 5 శాతం. సర్వీస్ చార్జి పన్ను కాదు, అందులో పైసా కూడా ప్రభుత్వానికి పోదు. బార్‌లో మద్యం మీద జీఎస్టీ ఉండదు. తిండికీ మందుకీ కలిపి జీఎస్టీ వేస్తే బిల్లు వెనక్కివ్వండి.

చిన్న కిరాణా కొట్టుకి జీఎస్టీ నంబరు కావాలా?

సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటితే, తెలంగాణలో 20 లక్షలు దాటితే. సేవలకు రెండుచోట్లా 20 లక్షలే. తిరువూరు కొట్టుకొక రూలు, సత్తుపల్లి కొట్టుకొక రూలు అన్నమాట. టర్నోవరంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. పన్ను లేని బియ్యం, కూరగాయల అమ్మకం కూడా అందులో కలుస్తుంది. పన్ను లేని సరుకులే అమ్మితే నంబరు అక్కర్లేదు.

పెట్రోలు మీద ఇంత పన్నెందుకు?

పెట్రోలు, డీజిల్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు. లీటరుకి ఇంతని కేంద్రం ఎక్సైజ్ వేస్తుంది, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దానికి తోడు లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్ మరో రూపాయి. రాష్ట్రాలకు సొంతంగా రేటు మార్చుకోగల ఆదాయ మార్గాలు ఇది, మద్యం, రిజిస్ట్రేషన్లు తప్ప పెద్దగా మిగల్లేదు. అందుకే ఏ పార్టీ గెలిచినా దీన్ని జీఎస్టీకి అప్పజెప్పడానికి ముందుకు రాదు.

ఇంటి పన్ను ఎలా లెక్క కడతారు?

హైదరాబాద్‌లో ఆ ప్రాంతంలో చదరపు అడుగుకి వచ్చే నెల అద్దె ఆధారం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఆస్తి విలువ ఆధారం, అంటే రిజిస్ట్రేషన్ శాఖ విలువలు పెంచితే ఇంటి పన్ను కూడా కదులుతుంది. రెండుచోట్లా ఏడాది పన్ను ఏప్రిల్ 30లోగా ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు పొందే వీలుంది. హైదరాబాద్‌లో పాత బకాయి ఉంటే ఆ తగ్గింపు దాని మీద రాదు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ, ఏడాదికి 24 శాతమన్నమాట, క్రెడిట్ కార్డు తర్వాత ఇదే.

రసీదులో గ్రంథాలయ సెస్ అని ఒక వరుస ఉంటుంది. రూపాయికి 8 పైసలు. మీ ఊరి లైబ్రరీకి పేపర్లు కూడా రావడం లేదంటే, ఆ వరుస చూపించి అడగొచ్చు.

ఒక హెచ్చరిక: ఇంటి పన్ను రసీదు మీ పేరున ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు. మున్సిపాలిటీ పన్ను కోసం పేరు రాసుకుంటుంది, హక్కు తేల్చదు. ఇల్లు కొనేవాళ్లు రిజిస్టర్డ్ దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం) చూడాలి.

జీతంలో 200 కోస్తున్నారు. అదేమిటి?

వృత్తి పన్ను. రెండు రాష్ట్రాల్లోనూ నెల జీతం 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. రాజ్యాంగం దీనికి ఏడాదికి 2,500 అని గరిష్ఠ పరిమితి పెట్టింది. అందుకే లక్షల జీతగాడికీ అంతే.

విదేశాల్లో ఉంటున్నాను. ఇక్కడ పన్ను ఉందా?

ఇక్కడ పుట్టిన ఆదాయానికి ఉంది. విదేశీ సంపాదన పంపి దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు. ఇక్కడి ఆదాయం వేసుకునే ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీకి 30 శాతం, సెస్‌తో 31.2 శాతం కోస్తారు. ఇంటి అద్దె కూడా ఇక్కడి ఆదాయమే. స్థలం అమ్మేటప్పుడు కొనేవాళ్లు తెలియక మామూలుగా 1 శాతమే టీడీఎస్ కోస్తారు. అది 50 లక్షలు, ఆపైన అమ్మే రెసిడెంట్ల రూలు. అమ్మేది ఎన్నారై అయితే కొన్నవాళ్లు చాలా ఎక్కువ రేటుతో కోసి జమచేయాలి, లేకపోతే ఆ బాకీ కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. లాభం తక్కువైతే అమ్మేవాళ్లు ముందే దరఖాస్తు పెట్టి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అమెరికాలో ఉండేవాళ్లు ఇక్కడి ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అక్కడ ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల నివేదిక) దాఖలు చేయాలి.

నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

ముందు అది నిజమైనదేనా చూడండి. ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ పంపే ఉత్తరాల మీద డిన్ అనే నంబరు ఉంటుంది. పోర్టల్లో లాగిన్ కాకుండానే ఆ నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు. 'మీ రిఫండ్ 15,490 సిద్ధం, ఈ లింకు నొక్కండి' అనే మెసేజీ మోసం. శాఖ కార్డు నంబరు గానీ ఓటీపీ గానీ ఎప్పుడూ అడగదు.

143(1) అని వస్తే కంగారు అక్కర్లేదు. మీరు వేసిన లెక్క ఒక గడిలో, శాఖ వేసిన లెక్క పక్క గడిలో ఉంటాయి. ఏ వరుసలో అంకె తేడా వచ్చిందో చూడండి. శాఖది తప్పైతే పోర్టల్లోనే రెక్టిఫికేషన్ (సవరణ దరఖాస్తు) పెట్టండి, మీదైతే కట్టేయండి. 139(9) వస్తే రిటర్నులో లోపముందని. దాన్ని 15 రోజుల్లో సరిచేయకపోతే అసలు రిటర్నే చెల్లకుండా పోవచ్చు. ఈ గడువు ఈమెయిల్ వచ్చిన రోజు నుంచి నడుస్తుంది. పోర్టల్లో మీ ఈమెయిల్, ఫోను నంబరు కాక, ఎప్పుడో రిటర్ను వేసిపెట్టిన ఏజెంటువి ఉన్నాయేమో ఈరోజే చూసి మార్చుకోండి.